కర్త ఎవరు?

ఆదివారం పొద్దున పదిన్నరకి గుడి కింది హాల్లో మడత కుర్చీలు వేసుకుని నేను పిల్లలకు తెలుగు చెబుతాను. అందరూ అమెరికాలో పుట్టినవాళ్లే, పదకొండు మంది. ఆ వారం పాఠం కర్త, కర్మ, క్రియ. "ఈ వారం స్కూల్లో నేర్చుకున్నదేదో ఒక్క వాక్యంలో రాసి, కర్త కింద గీత గీయండి" అన్నాను. ఫిబ్రవరి కదా, బళ్లలో నల్లజాతి చరిత్ర మాసం నడుస్తోంది. నాలుగో తరగతి పిల్లవాడొకడు లేచి వెళ్లి బోర్డు మీద ఇలా రాశాడు: "అప్పుడు నల్లవాళ్లకు వేరే బడులు ఉండేవి."

"కర్త ఏదిరా?"

"బడులు, ఆంటీ."

వ్యాకరణం ప్రకారం వాడిదే రైటు. టిక్కు కూడా పెట్టాను. పెట్టాక చెయ్యి అక్కడే ఆగిపోయింది. బడులు వాటంతటవే వేరుపడ్డాయా? అన్నదమ్ములు వాటాలు పంచుకున్నట్టు పంచుకుని వెళ్లిపోయాయా? "వాటిని వేరు చేసింది ఎవరు?" అని అడిగాను. వాడు కాసేపు బోర్డు వంక చూసి, "తెలీదాంటీ. మా బుక్‌లో లేదు" అన్నాడు.

మా బుక్‌లో లేదు! ఇదంతా ఆ ఒక్క ముక్క మీద కోపంతో రాస్తున్నాను.

పిల్లవాడి తప్పు ఇసుమంత లేదు. అమెరికా బడి పుస్తకాలు ఈ విద్యలో ఆరితేరాయి. దెబ్బ కనిపిస్తుంది, కొట్టిన చెయ్యి కనిపించదు. 2015లో హ్యూస్టన్ దగ్గర తొమ్మిదో తరగతి చదువుతున్న నల్లజాతి కుర్రాడొకడు తన జాగ్రఫీ పుస్తకంలో ఒక పేజీ ఫోటో తీసి వాళ్లమ్మకి పంపాడు. వలసల పాఠం అది. అట్లాంటిక్ బానిస వ్యాపారం ఆఫ్రికా నుంచి లక్షలాది పనివాళ్లను దక్షిణాది తోటలకు తీసుకొచ్చిందని అందులో ఉంది. పనివాళ్లట! పనివాడికి సాయంత్రానికి కూలి ముడుతుంది. గిట్టకపోతే మర్నాడు మానేస్తాడు. అదలా ఉంచి, ఆ వాక్యంలో కర్త ఎవరో చూడండి. వ్యాపారం! ఓడల యజమానులు కాదు, సంకెళ్లు బిగించినవాళ్లు కాదు, వేలంలో పాట పాడుకున్నవాళ్లు కాదు. ఆ తల్లి రచ్చకీడ్చాక ప్రచురణ సంస్థ తప్పు ఒప్పుకుని దిద్దుకుంది.

2023లో ఫ్లోరిడా బళ్ల కోసం మరో సంస్థ, బస్సులో సీటు విడవని నల్లజాతి మహిళ రోజా పార్క్స్ మీద ఉన్న ఒకటో తరగతి పాఠాన్ని తిరగరాసింది. ఒక చిత్తుప్రతిలో, ఒంటి రంగు కారణంగా ఆమెను సీటు మారమన్నారని ఉంది. ఆ తర్వాతి ప్రతిలో సీటు మారమన్నారని మాత్రమే ఉంది. ఎవరన్నారు? ఎందుకన్నారు? కిటికీలోంచి ఎండ కొడుతోందని అన్నారు కాబోలు!

మన భాషలో కర్మ అనే మాటకు రెండర్థాలున్నాయి. వ్యాకరణంలో క్రియ ఎవరి మీద పడిందో అది కర్మ. వాడుకలో తలరాత కర్మ. వాక్యంలోంచి కర్తను తీసేస్తే ఈ రెండూ ఒకటైపోతాయి. కొట్టినవాడు మాయమైతే దెబ్బ తిన్నవాడి ఖర్మ మిగులుతుంది. "ఆ రోజుల్లో అలా ఉండేదిలే" అని పిల్లలు పుస్తకం మూసేస్తారు.

అందుకే చరిత్ర పాఠం పక్కన చారిత్రక నవల ఉండి తీరాలంటాను. నవలకు కర్త లేకుండా పూట గడవదు. ఎవరో ఒకరు నోరు తెరిచి ఆ మాట అనాలి. ఎవరో ఒకరు తలుపు వెయ్యాలి.

మిల్‌డ్రెడ్ టేలర్ 1976లో రాసిన "రోల్ ఆఫ్ థండర్, హియర్ మై క్రై" నవలే తీసుకోండి. మరుసటి ఏడు న్యూబెరీ పతకం వచ్చింది దానికి. కథాకాలం 1933, చోటు మిసిసిపీ. పౌరహక్కుల ఉద్యమం ఇంకా పుట్టలేదు, ఎందుకు పుట్టాల్సి వచ్చిందో ఆ నవలలో ఉంది. బడి తెరిచిన మొదటి రోజు నల్లజాతి పిల్లలకు పాఠ్యపుస్తకాలు పంచుతారు. ఆరేళ్ల లిటిల్ మ్యాన్‌కి శుభ్రమంటే ప్రాణం. మురికి పట్టిన పుస్తకం చేతిలో పెడితే, అట్ట లోపల అతికించిన పట్టిక చూస్తాడు. ఇచ్చిన తేదీ, పుస్తకం స్థితి, విద్యార్థి జాతి. పుస్తకం కొత్తగా ఉన్నప్పటి నుంచీ వరుసగా తెల్ల పిల్లలు. స్థితి గడిలో పూర్తిగా పాడైపోయిందని రాసిన వరుసకు వచ్చేసరికి జాతి గడిలో నల్లవాళ్లను హీనపరిచే మాట. ఆ పిల్లవాడు పుస్తకాన్ని నేలకేసి కొట్టి తొక్కుతాడు. టీచరు బెత్తం తీస్తుంది. అక్క కాసీ ఆ పట్టికను టీచరుకు చూపించబోతుంది. చూపిస్తే అర్థమవుతుందని ఆ పిల్ల నమ్మకం. దానికీ దెబ్బలే.

వేర్పాటు గురించి పాఠ్యపుస్తకం పది పేజీల్లో చెప్పలేనిది ఆ పట్టిక చెప్పేసింది. ఎందుకంటే దాని వెనుక ఒక చెయ్యి ఉంది. ఏ గుమాస్తానో ఏటేటా కూర్చుని, గీతలు కొట్టి, సిరా అద్ది నింపాడు దాన్ని. అన్యాయం గాలిలోంచి రాలేదు, దానికో రిజిస్టరు ఉంది. ఆ పిల్లల తల్లి కూడా అదే బళ్లో టీచరు. తన తరగతి పుస్తకాల్లో ఆ పట్టికల మీద కాగితం అతికిస్తుంది. ఆ తర్వాత పుస్తకంలో లేని బానిసత్వపు చరిత్ర చెబుతుండగా బడి పెద్దలు వచ్చి కూర్చుంటారు, ఆమె ఉద్యోగం ఊడుతుంది. పాఠంలో లేనిది చెప్పినందుకు టీచరును తీసేయడం 1976లో వచ్చిన పిల్లల నవలలోనే ఉందండీ! ఏం చెప్పకూడదో ఇవాళ టీచర్లకు చట్టాలు చేస్తున్న రాష్ట్రాల పెద్దలు ఈ నవల చదివి ఉంటే కాస్త సిగ్గుపడేవారు. లేదా దీన్నే ముందుగా తీసి అవతల పెట్టేవారు.

క్రిస్టఫర్ పాల్ కర్టిస్ 1995లో రాసిన "ది వాట్సన్స్ గో టు బర్మింగ్‌హామ్ 1963" ఇంకో దారి పట్టింది. సగానికి పైగా నవ్వులే. మిషిగన్ రాష్ట్రం ఫ్లింట్ ఊళ్లో గడ్డకట్టే చలి. పెద్దవాడు బైరన్ కారు అద్దంలో తన మొహం చూసుకుని మురిసిపోయి ముద్దుపెడితే పెదాలు అద్దానికి అంటుకుపోతాయి. పిల్లలు పడీ పడీ నవ్వుతారు. ఆ నవ్వుతోనే అమ్మమ్మ ఊరైన బర్మింగ్‌హామ్ చేరతారు. అక్కడ చర్చిలో బాంబు. పదేళ్ల కెన్నీ ఇంటికి తిరిగొచ్చాక సోఫా వెనుక దూరి దాక్కుంటాడు. ఆ సోఫా వెనుక చీకటిని మించి పిల్లలకు ఏ పాఠం చెబుతుంది? పుస్తకం చివర రచయిత కథ ఆపి, నిజంగా జరిగిందేమిటో వేరుగా చెబుతాడు. అదీ నిజాయితీ అంటే.

నిజంగా జరిగింది ఇది. 1963 సెప్టెంబరు 15, ఆదివారం, ఉదయం 10 గంటల 22 నిమిషాలు. బర్మింగ్‌హామ్‌లో పదహారో వీధి బాప్టిస్టు చర్చి. కింది అంతస్తులో ఆడపిల్లలు ప్రార్థనకు తయారవుతున్నారు. పద్నాలుగేళ్ల ఆడీ మే కాలిన్స్, కరోల్ రాబర్ట్‌సన్, సింథియా వెస్లీ, పదకొండేళ్ల డెనీస్ మెక్‌నెయిర్ చనిపోయారు. మా తెలుగు క్లాసు మొదలయ్యే వేళ అది. మేం కూర్చునేదీ గుడి కిందే.

"బాంబు పేలింది." ఈ వాక్యంలో కర్త బాంబు. ఆ కర్త స్థానంలోకి మనుషుల పేర్లు రావడానికి ఎన్నేళ్లు పట్టిందో తెలుసా? రాబర్ట్ చాంబ్లిస్‌కి 1977లో శిక్ష పడింది. థామస్ బ్లాంటన్‌కి 2001లో. బాబీ ఫ్రాంక్ చెర్రీకి 2002లో. ముగ్గురూ తెల్లజాతి దురహంకార ముఠా కు క్లక్స్ క్లాన్ మనుషులు. ఒక వాక్యాన్ని సరిచెయ్యడానికి ఈ దేశానికి 39 ఏళ్లు పట్టింది.

అయితే నవలలన్నీ మంచివని నేననను. కర్తను మాయం చేసే పని పాఠ్యపుస్తకం చేస్తే, తప్పుడు కర్తను తెచ్చి కూర్చోబెట్టే పని చెడ్డ నవల చేస్తుంది. హార్పర్ లీ "టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్" 1960లో వచ్చింది. దాన్ని ఇప్పటికీ జాతివివక్షకు పెద్దబాలశిక్షలా పిల్లల చేతికిస్తారు. జ్యూరీ అన్యాయంగా తీర్పు చెప్పిందన్న నిజాన్ని ఆవిడ దాచలేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ కథలో పనులన్నీ చేసేది తెల్ల లాయరు అటికస్. కోర్టు వాదన ఆయనది, ధైర్యం ఆయనది, కూతురికి నీతి చెప్పేదీ ఆయనే. ప్రాణం పోయేది మాత్రం ఆయన ఎవరి తరఫున వాదించాడో ఆ నల్లజాతి మనిషి టామ్ రాబిన్‌సన్‌ది. టామ్ ఆ నవలలో ఆసాంతం కర్మ కారకమే. ఆ ఒక్క పుస్తకం చదివి పెరిగిన పిల్లలు, నల్లజాతి వాళ్లు ఎవరో మంచివాడు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నారనుకుంటే ఎవరిని తప్పుపట్టాలి?

ఇంతకన్నా ఘోరం ఉంది. 2016 జనవరిలో ఒక బొమ్మల పుస్తకం వచ్చింది. జార్జ్ వాషింగ్టన్ ఇంటి బానిస, వంటవాడు హెర్క్యులీస్, దొరగారి పుట్టినరోజుకు కేకు తయారు చేస్తుంటాడు. పక్కన కూతురు. ఇద్దరి మొహాలూ నవ్వులే. జనం దుమ్మెత్తిపోస్తే నెల తిరక్కముందే దాన్ని వెనక్కి తీసుకున్నారు. అసలు హెర్క్యులీస్ ఏం చేశాడు? 1797 ఫిబ్రవరి 22న, సరిగ్గా ఆ దొర పుట్టినరోజునే, పారిపోయాడు! కొన్ని వారాలకు ఆ దొర ఇంటికి వచ్చిన ఫ్రెంచి అతిథి తన డైరీలో ఒక సంగతి రాసుకున్నాడు. నాన్న ఇక కనపడడని బెంగగా ఉందా అని హెర్క్యులీస్ కూతురిని అడిగితే, చాలా సంతోషంగా ఉంది, ఆయనకు స్వేచ్ఛ దొరికింది కదా అందిట ఆ ఆరేళ్ల పిల్ల. చరిత్ర ఇంత గొప్ప కథను పళ్లెంలో పెట్టి ఇస్తే, తోసేసి కేకు అందుకున్నారు. ఇది కల్పన అనిపించుకోదు, కక్కుర్తి.

రోజా పార్క్స్‌కి కూడా ఈ కేకే తినిపించాం. పని చేసి అలసిపోయిన కుట్టుపని ఆవిడ, కాళ్లు నొప్పెట్టి లేవలేదట! ఆవిడ వయసు 42. నల్లజాతి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ మాంట్‌గోమరీ శాఖకు కార్యదర్శి. ఆ వేసవిలోనే హైలాండర్ ఫోక్ స్కూల్లో ఉద్యమ శిక్షణకు వెళ్లొచ్చింది. 1955 డిసెంబరు 1న ఆమెను లేవమన్నవాడికి పేరుంది, డ్రైవర్ జేమ్స్ బ్లేక్. 1943లో ఆమెను బస్సు దింపేసిందీ అతనే. ఆమెకు తొమ్మిది నెలల ముందే, మార్చి 2న, పదిహేనేళ్ల క్లాడెట్ కాల్విన్ అదే ఊళ్లో సీటు విడవకుండా అరెస్టయింది. బస్సుల్లో వేర్పాటును కొట్టేసిన కోర్టు కేసు వేసిన నలుగురు ఆడవాళ్లలో ఈ పిల్ల ఒకతె. పార్క్స్ అరెస్టయిన రాత్రి కాలేజీలో పాఠాలు చెప్పే జో ఆన్ రాబిన్‌సన్ కూర్చుని వేలకొద్దీ కరపత్రాలు తీయించింది. 381 రోజులు ఊళ్లో నల్లవాళ్లు బస్సులు ఎక్కకుండా నడిచారు. ఇంతమంది కర్తలున్న వాక్యాన్ని "అలసిపోయిన ఒక ఆవిడ కూర్చుంది, చట్టం మారింది" అని కుదించేశాం.

ఆ 381 రోజులకు డబ్బు ఎక్కడిది? జార్జియా గిల్మోర్ అనే వంటావిడ తోటి ఆడవాళ్లను పోగేసి కేకులు, పైలు, కోడి వేపుళ్లు చేసి అమ్మించింది. ఆ డబ్బు ఉద్యమ సభలో ఇచ్చేవాళ్లు. వీళ్లలో చాలామంది తెల్లవాళ్ల ఇళ్లలో పని చేసేవాళ్లే. పేరు బయటపడితే కూడు పోతుంది. అందుకని ఎక్కడినుంచి వచ్చిందంటే "ఎక్కడినుంచీ కాదు" అనేవాళ్లు. సంఘం పేరే అది, క్లబ్ ఫ్రమ్ నోవేర్. వాళ్లూ కర్తను దాచారు, పొట్ట కోసం, పోరాటం కోసం. మన పుస్తకాలూ కర్తను దాస్తున్నాయి, కొట్టినవాడి మనవలు నొచ్చుకోకూడదని. రెండూ ఒకటేనా? గిల్మోర్ పక్కన కూర్చుని పిండి కలిపే పదేళ్ల పిల్లను పెట్టి ఒక నవల రాయండి. పిల్లలకు ఉద్యమం అంటే ఏమిటో పిండి జిగురంత గట్టిగా అంటుకుంటుంది.

ఇక "పసిపిల్లలకు ఎందుకండీ ఈ భయాలు" అనేవాళ్లున్నారు. 1960 నవంబరు 14న న్యూ ఓర్లీన్స్‌లో ఫెడరల్ మార్షళ్ల మధ్య తెల్లపిల్లల బడికి నడిచిన నల్లజాతి పిల్ల రూబీ బ్రిడ్జెస్ వయసు ఆరు. విషం పెడతామని ఒకావిడ రోజూ అరిచేది కనుక ఆ పిల్ల ఇంటి తిండి తప్ప ముట్టేది కాదు. తెల్ల తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించారు. ఏడాదంతా ఒక గదిలో ఒక్క పిల్ల, ఒక్క టీచరు బార్బరా హెన్రీ. 1963 మే 2న బర్మింగ్‌హామ్‌లో అదే పదహారో వీధి చర్చి తలుపుల్లోంచి నిరసనగా బయటికి నడిచి, వ్యాన్లెక్కి జైలుకెళ్లినవాళ్లు బడి పిల్లలు. మర్నాడు నీటి గొట్టాలూ కుక్కలూ ఎవరి మీదికి తోలారో ఆ పిల్లల మీదికే. చిన్నపిల్లలు ఉద్యమం చెయ్యగలిగారు, మీ చిన్నపిల్లలు పడక మీద పడుకుని చదవలేరా? నిజానికి భయం పిల్లలది కాదు. 2021లో టెనెసీలో రూబీ తన గురించి రాసుకున్న పుస్తకం మీదే ఫిర్యాదు పెట్టారు, కోపంతో ఉన్న తెల్లవాళ్ల గుంపును చూపించిందని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే.

మన వాళ్ల మాట వేరు. క్లాసు అయ్యాక ఒక తండ్రి నెమ్మదిగా అన్నాడు: "తెలుగు చెప్పండి మేడమ్, చాలు. అది వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు. మన గొడవ కాదు కదా." బాబూ, 1946 చట్టం ప్రకారం ఈ దేశం భారతదేశానికి ఇచ్చిన వాటా ఏడాదికి 100 మంది. నూరు! ఇవాళ మన ఒక్క అపార్టుమెంటులో అంతకన్నా ఎక్కువమందిమి ఉన్నాం. పుట్టిన దేశాన్ని బట్టి వాటాలు వేసే ఆ పద్ధతిని ఎత్తేసిన చట్టం మీద 1965 అక్టోబరు 3న సంతకం పడింది. అంతకు రెండు నెలల ముందే ఓటు హక్కుల చట్టం. రెండూ ఒకే కాంగ్రెసు చేసింది, ఒకే గాలికి. మనం ఈ గడప దాటి లోపలికి వచ్చామంటే, తలుపు తీయించింది కుక్కకాట్లు తిన్న ఆ పిల్లలు. మన గొడవ కాదట!

ఈ గద్దింపు నాకూ తగులుతుంది. ఆ రాత్రి ఇండియాకు ఫోన్ చేసి మా అమ్మకు క్లాసు సంగతి చెప్పాను. "మన ఊరి హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి, అదే దళితులకు వేరే గ్లాసు, ఉండేదా అమ్మా?" అన్నాను. "ఉండేవే. వాళ్ల గ్లాసులు వేరుగా ఉండేవి. తాగి, కడిగి బోర్లించి వెళ్లేవాళ్లు" అంది. గ్లాసులు ఉండేవి. కర్త, గ్లాసులు. "పెట్టింది ఎవరమ్మా?" అటువైపు కాసేపు చప్పుడు లేదు. "ఆ హోటలు మీ పెదతాతయ్యదే కదే" అంది చివరికి.

మన తరం ఇంటింటా చదివిన పుస్తకం "ఏడుతరాలు". అలెక్స్ హేలీ "రూట్స్"ని సహవాసి తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్టు వేసింది. అమెరికా ఎక్కడుందో తెలియని పల్లెల్లో కూడా దాని కథానాయకుడు కుంటా కింటే తెలుసు. నవలకు ఆ బలం ఉంది. అదే హేలీ వేరే రచయిత నవలలోంచి కొన్ని భాగాలు వచ్చాయని ఒప్పుకుని 1978లో కోర్టు బయట డబ్బు కట్టాడు. అందుకే చివర రచయిత తన మాటగా ఏది జరిగింది, ఏది కల్పించాను అని విడదీసి చెప్పని పుస్తకాన్ని నేను పిల్లల చేతికివ్వను. కానీ మనం కుంటా కింటే దగ్గరే ఆగిపోయాం. ఓడా సంకెళ్లూ మనకు తెలుసు. ఆ తర్వాత బస్సు, బడి, ఓటు కోసం కొట్లాడిన పిల్లలు మనకు తెలియదు. జాలిపడటం తేలిక, పోరాడినవాళ్లను తలుచుకుంటే మన పెదతాతయ్యల హోటళ్లు గుర్తొస్తాయి.

మార్టిన్ లూథర్ కింగ్ కల గన్న మహానుభావుడని ఇప్పుడు అందరూ దండలు వేస్తారు. 1966లో గాలప్ సర్వేలో 63 శాతం మంది ఆయనంటే పడదన్నారు. ఆ 63 శాతం ఏ పిల్లల పుస్తకంలో ఉన్నారు? వాళ్లను చూపించండి. క్రూరుల్లా కాదు. చర్చికి వెళ్లే, కేకులు చేసే, పిల్లల్ని ముద్దాడే మామూలు మనుషుల్లా చూపించండి. అప్పుడే పిల్లలకు అసలు భయం, అసలు తెలివి రెండూ కలుగుతాయి.

మీ పిల్లల బడి నుంచి ఏ కథ ఇంటికొచ్చినా సరే, పక్కన కూర్చోండి. కథ బాగుందా అని అడక్కండి, నీతి ఏమిటని అడక్కండి. ఈ పని ఎవరు చేశారు, వాళ్ల పేరేమిటి, వాళ్లకు ఏమైంది అని అడగండి. జవాబు పుస్తకంలో లేకపోతే ఆ పుస్తకం పక్కన ఇంకొకటి పెట్టండి.

మరుసటి ఆదివారం మా క్లాసులో వాట్సన్ల కథ చెప్పాను. బాంబు పెట్టినవాళ్లలో ముగ్గురి పేర్లు బోర్డు మీద రాశాను. నలుగురిని అనుమానించారని చెబితే, ఆ నాలుగో తరగతి పిల్లవాడే చెయ్యెత్తాడు. "నాలుగోవాడో, ఆంటీ?"

"హెర్మన్ క్యాష్. 1994లో చనిపోయాడు. అతని మీద కేసు పెట్టలేదు."

"ఎవరు పెట్టలేదు?"

ఆ నలుగురి పేర్లూ ఎఫ్‌బీఐకి 1965 నాటికే తెలుసు. 1968లో ఒక్కరి మీద కూడా కేసు పెట్టకుండా ఆ ఫైలు మూసేశారు. అప్పుడు ఎఫ్‌బీఐ డైరెక్టరు జె. ఎడ్గార్ హూవర్.